సన్నవైపు చుక్క

ఆ చప్పుడు విని చేతిలో గరిటె వదిలేశాను.

శనివారం పొద్దున వంటింట్లో పోపు వేస్తున్నాను. ఈ దేశంలో పోపు వేయాలంటే ముందు కిటికీ తీయాలి, పొయ్యి మీద ఫ్యాను పెట్టాలి, లేకపోతే ఇంటి పైకప్పుకు బిగించిన పొగ డబ్బా ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. ఆ ఫ్యాను హోరులో కూడా గరాజులో పడుతున్న సుత్తి దెబ్బలు నా చెవిన పడ్డాయి. టప్. టప్. టప్. మూడూ మొద్దుగా పడ్డాయి. ఇనుములో ఇరుక్కున్న పిన్ను మీద దెబ్బ సరిగా పడితే అట్లా పలకదు. లోపల పిన్ను కదలడం లేదు, తల ఉబ్బుతోంది. ఇంకో నాలుగు పడితే దాన్ని బయటికి తీసే మొనగాడు ఉండడు.

"ఆగు బాబూ!" అని కేకేసి, పొయ్యి ఆర్పి, చెప్పుల్లేకుండానే గరాజులోకి పరుగెత్తాను.

మా అల్లుడు బల్ల మీద తుపాకీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బట్టల సబ్బు డబ్బాకు ఫోను ఆనించి అందులో వీడియో చూస్తున్నాడు. ఎడమ చేతిలో మేకు, కుడి చేతిలో గోడకు పటాలు కొట్టే పెద్ద సుత్తి.

"ఏమైందత్తయ్యా? స్మోక్ అలారమ్ మోగిందా?"

"తూటాలు తీసినవా?"

"ఎప్పుడో తీసేశానండీ. డబుల్ చెక్ చేశాను."

నేను నమ్మలేదు. గొట్టం మడత దగ్గర వంచి తెరిచి, లోపల చిటికెన వేలు పెట్టి చూశాను. ఖాళీ. తలెత్తేసరికి అల్లుడు నోరు తెరుచుకుని నా వేలి వంక చూస్తున్నాడు. వెనక మెట్ల మీద మనవరాలు నిలబడి ఉంది. పదమూడేళ్ళది.

"అమ్మమ్మా! నీకు గన్ ఎలా ఓపెన్ చేయాలో తెలుసా? సీరియస్‌లీ?"

ఆ తుపాకీ కథ ఒక్క మాటలో చెప్తాను. అల్లుడి ఆఫీసువాళ్ళు శనివారాలు మట్టి బిళ్ళల్ని గాల్లోకి ఎగరేసి కాల్చే ఆట ఆడతారు. అక్కడ ఒక ముసలి దొర తన పాత ఒంటి గొట్టం తుపాకీని ఇతనికి కాగితాలు రాసి ఇచ్చాడు. మా అమ్మాయి రెండు వారాలు ముభావంగా ఉంది. చివరికి గరాజులో అంకెల తాళమున్న ఇనప్పెట్టె పెట్టించాకగానీ మొగుడితో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు దాని గుర్రం వదులైంది. మీట నొక్కితే వెళ్ళి తూటాను కొట్టే ఇనుప ముక్కను గుర్రం అంటారు. అది ఒక పిన్ను మీద తిరుగుతుంది. ఆ పిన్ను అరిగితే గుర్రం వణుకుతుంది. అల్లుడు కొత్త పిన్ను తెప్పించుకుని, పాతది తీయబోయాడు.

"మేకుతోని పిన్ను కొడుతరా ఎవరన్న?" అన్నాను. "మేకు మొన వాడిగుంటది. పిన్ను నెత్తిని చీలుస్తది. అసలు ఎటు నుంచి కొడుతున్నవ్?"

"ఎటు నుంచైనా ఒకటే కదండీ?"

ఒకటే కదా అన్నాడు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చున్నాను. కన్న కూతురికి కూడా చెప్పని మాట ఒకటి గొంతులోకి వచ్చింది. మా అమ్మాయికి తాత ఇనుప పని చేసేవాడని తెలుసు, అంతే. నా పెనిమిటి బతికున్నన్నాళ్ళూ ఆయనకూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్తున్నాను. నాకు నా పేరు రాయడం తప్ప రాదు. నా మాటలు రికార్డు చేయడానికి మనవరాలు ఫోను నా ముందు పెట్టింది, మా అమ్మాయి వాటిని కాగితం మీద పెడతానంది.

మా నాయినది తుపాకుల మరమ్మతు. అడవి అంచున ఒక చిన్న ఊరు, ఠాణా వెనక సందు, చెక్క తలుపుల ఒక్క గది. గోడకు సర్కారు కాగితం అద్దంలో పెట్టి ఉండేది. ఏటా దసరా తర్వాత అధికారి వచ్చి, పని చూసి, దాని మీద సంతకం పెడితేనే మళ్ళా ఏడాది దుకాణం తెరవాలి. చుట్టుపక్కల చేన్లవాళ్ళకు అడవి పందుల బాధ. పంటకాపు కోసం సర్కారు రాసిచ్చిన తుపాకులు వాళ్ళవి. మక్కకంకి పాలు పోసుకునే రోజుల్లో మా గడప ముందు గొంగళ్ళలో చుట్టిన తుపాకులు వరసగా ఉండేవి.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. గ్యాస్ నూనె, రంపపు పొట్టు, ఆకురాయి కింద కాలిన ఇనుము. కిరసనాయిలును మా వైపు గ్యాస్ నూనె అంటారు. అమ్మ మధ్యాహ్నం జొన్నరొట్టెలో కారం, నువ్వుల పొడి పెట్టి చుట్టి తెచ్చేది. చేతులు ఎంత తోముకున్నా రొట్టెకు ఆ వాసన పట్టేది. ఇక్కడ అమ్మాయి జొన్నపిండి తెచ్చి రొట్టె చేస్తే ఏదో తక్కువైనట్టే ఉంటుంది. ఏం తక్కువైందో బయటికి చెప్తే నవ్వుతారని ఊరుకుంటాను.

పిన్ను పనికి నాయిన దగ్గర ఒక గోనెగుడ్డ ఉండేది. అమ్మ దానికి జేబులు కుట్టింది. జేబుకొక పంచ్. పంచ్ అంటే పిన్నును నెట్టే ఉక్కు కడ్డీ. వాటికి నాయిన పేర్లు పెట్టాడు. అన్నిట్లోకి పొట్టిగా, లావుగా ఉండేది అవ్వ. సన్నగా పొడుగ్గా ఉండేది పొడుగుపిల్ల.

"మొదటి దెబ్బ అవ్వ కొట్టాలె, బిడ్డా. అవ్వ మొండిది, వంగదు. పిన్ను జరంత కదిలినంక పొడుగుపిల్లను పంపాలె. ముందుగాల పొడుగుపిల్లను పంపితివా, నడుం ఇరుగుతది."

పంచ్ మూతి సాపుగా ఉండాలి. పిన్ను కంటే వెంట్రుకవాసి సన్నగా ఉండాలి, లేకపోతే రంధ్రం గోడల్ని గీరుతుంది. సుత్తి ఇత్తడిది కావాలి. ఇత్తడి మెత్తన, జారి తగిలినా తుపాకీ ఒంటి మీద గాయం పడదు. మా సుత్తి ఒక పాత ఇత్తడి తూకపు రాయికి నాయిన పిడి పెట్టుకున్నది. కింద తుమ్మ మొద్దు, దానికి రకరకాల బెజ్జాలు. తుపాకీని మొద్దు మీద ఆనించి, పిన్నును బెజ్జానికి సరిగ్గా నిలిపి కొడితే, అది కింద రేకు డబ్బాలో పడేది. ఖంగుమనేది. ఆ పిన్నులు ఏరడం నా పని.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. నాయిన కాలపు పిన్నులు ఒక కొస సన్నం, ఒక కొస లావు. చూస్తే తెలియనంత తేడా. సన్నవైపు నుంచి కొడితే బయటికొస్తుంది. లావువైపు నుంచి కొడితే మేకు దిగినట్టు ఇంకా బిగుసుకుంటుంది. రెండు కొసలూ తుపాకీ ఒంటితో సమంగా ఆకురాయి పట్టి ఉంటాయి కాబట్టి వేలికి తెలియదు. కంటితోనే చూడాలి.

నాయిన కంట్లో పొర కమ్మింది.

"బిడ్డా, సన్నం ఎటున్నది?" అని అడుగుతుంటే మొదట్లో నన్ను పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. ఒకరోజు ముందరున్న మంచినీళ్ళ చెంబు కోసం బల్లంతా తడిమాడు. నేను చూస్తున్నానని తెలిసి చెయ్యి ఆపేశాడు.

"మీ అమ్మకు సుత చెప్పకు" అన్నాడు. "కండ్లు లేనోడు బాగుచేసిన తుపాకి ఎవడు భుజానికి ఆనిస్తడు? ఆ కాగితం పాయెనంటే మన పొయ్యి ఆరినట్టే."

దుకాణంలో చేతికింద మనిషి కావాలని చెప్పి నన్ను బడి మాన్పించాడు. అప్పటికి మూడో తరగతి. నాకేమో పండగ. నాయినకు కండ్లు నేనే అని ఎంత గర్వమో! అది గర్వం కాదు బరువు అని తెలియడానికి ఒక సీతాఫలం కావాల్సి వచ్చింది.

దసరా ముందు. అడవంతా సీతాఫలాలు. పచ్చికాయలు కోసుకొచ్చి, నాయిన బల్ల కింద రంపపు పొట్టు పెట్టెలో మాగేశాను. అమ్మకు తెలిస్తే పొట్టు పాడైందని వీపు పగులుతుంది. ఏ కాయ కండ్లు విచ్చిందో అని గంటకోసారి బల్ల కింద దూరేదాన్ని.

ఆ రోజు మక్కచేను అవ్వ వచ్చింది. పెనిమిటి పోయాక తుపాకీ తన పేర మార్పించుకుని, మంచె మీద ఒక్కతే కూర్చుని చేను కాసుకునే మనిషి. భుజాన గొంగడి, నోట్లో చుట్ట, రాళ్ళు దొర్లినట్టు గొంతు. ఆమె వస్తుంటే సందులో కుక్కలు పక్కకు తప్పుకునేవి.

"ఓ పిలగా! నిన్న పంది నా ముందర నిలబడి నవ్విందిర. మీట గుంజిన, గుర్రం కదల్లే. సగం చేను తిన్నది. పొద్దు గూకేటాల్లకు నాకు తుపాకి గావాలె. ఇయ్యాల తప్పితే మిగిలిన సగం సుత ఉండది."

"కూసో అవ్వా. చిన్న పని" అన్నాడు నాయిన.

ఆ తుపాకీ పక్క రేకు మీద ఒక జింక చెక్కి ఉండేది. మెడ తిప్పి వెనక్కి చూసే జింక. ఆమె పెనిమిటి వానాకాలంలో మంచె మీద కూర్చుని తన చేత్తో చెక్కిందట. అవ్వ గొంగడి విప్పుతూ దాని మీద ఒకసారి చెయ్యి రాసి, అప్పుడు నాయినకు ఇచ్చి, గడప మీద కూర్చుని చుట్ట ముట్టించుకుంది.

నేను బల్ల కింద ఉన్నాను. ఒక కాయ విచ్చింది. వేళ్ళు అందులో దిగబడి ఉన్నాయి.

"సన్నం ఎటున్నది బిడ్డా?" మెల్లగా అడిగాడు.

"నీ కుడిచెయ్యి దిక్కు."

"రెండు దిక్కులా చూసినవా?"

"చూసిన" అన్నాను, నోటి నిండా గుజ్జుతో.

నేను తల కూడా ఎత్తలేదు.

నాయిన పిన్ను మీద అవ్వ పంచ్‌ను నిలిపాడు, ఒకటి కొట్టాడు. టప్. ఇంకొకటి. టప్. మూడో దెబ్బకు ఆయన చెయ్యి ఆగింది. తల పక్కకు వంచాడు. చప్పుడు తప్పని చెవి చెప్తోంది, కానీ చూసినానని బిడ్డ చెప్పింది. ఆయన నా మాటే నమ్మాడు. గట్టిగా కొట్టాడు. ఉబ్బిన పిన్ను మీద నుంచి పంచ్ జారి, రేకు మీద బర్రున గీసుకుపోయింది. బల్ల కింద నుంచి లేచి చూశాను. జింక మెడ మీద అడ్డంగా తెల్లటి గీత.

అవ్వ లేచి వచ్చింది. ఆ గీత చూసింది. పోతుందేమోనని దాన్ని బొటనవేలితో రాసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"చెయ్యి జారింది, అవ్వా" అన్నాడు నాయిన. ఆ మాట ఆయన నోట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

"నీ చెయ్యి జారిందా? పట్టపగలు తాగినవారా?"

నాయిన పంచ్ బల్ల మీద పెట్టాడు.

"తాగిన చేతికి తుపాకి ఇచ్చి, రేపు అది నా మొకం మీద పేలితే? ఠాణా ఈడనే ఉన్నది. పోయి చెప్పొస్త, నీ అద్దాల కాగితం గుంజుకపోతరు."

నాయిన తల వంచుకున్నాడు. తాగుబోతు అనిపించుకుంటున్నాడు కానీ, కండ్లు లేవనీ అనడం లేదు, బిడ్డ తప్పు చెప్పిందనీ అనడం లేదు. ఆయన బతుకులో కల్లు ముట్టలేదు.

"మా నాయిన తాగడు!" అని అరిచాను. "నేనే చూడలే. చూడకుండనే చూసిన అన్న."

"నువ్వు చూసుడేందే? తుపాకి బాగుచేసేది మీ నాయిననా, నువ్వా?"

అప్పుడు అర్థమైంది నేనేమన్నానో. నోరు మూసుకున్నాను. కానీ మాట బయటపడిపోయింది. నాయిన కంగారులో, కింద పెట్టిన పంచ్ కోసం బల్ల తడుముతున్నాడు. అది ఆయన వేళ్ళకు జానెడు దూరంలోనే ఉంది. చెయ్యి దాన్ని దాటి పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటింది. అవ్వ ఆ చేతినే చూస్తోంది.

చుట్టను గడపకు రాసి ఆర్పింది. పంచ్ తీసి నాయిన అరచేతిలో పెట్టింది.

"ఎన్నొద్దులాయె?"

"రెండేండ్లు" అన్నాడు నాయిన.

"మా ముసలోనికి సుత గిట్లనే. ఆఖరికి ఈ జింకను ఏలితోనే చూస్తుండె." నా వైపు తిరిగింది. "ఏందే, నా మొకం జూస్తవ్? చేతులు కడుక్కో పో. పొద్దు గూకేటాల్లకు తుపాకి గావాలంటి కద."

ఆ రోజు మొదటిసారి ఇత్తడి సుత్తి నా చేతికొచ్చింది. ముందు ఉబ్బిన పిన్ను తలను నాయిన చెప్పినట్టు ఆకురాయితో సాపు చేశాను. తుపాకీని తిరగేశాను. రెండు వైపులా చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాయిన చెవి బల్లకు దగ్గరగా పెట్టాడు.

"అవ్వతోని ఒక్కటి కొట్టు. భయపడకు. అది మనకు జవాబు చెప్తది."

కొట్టాను. టప్.

"ఇంకొకటి. గట్టిగ కాదు, సూటిగ."

ఠింగ్. చప్పుడు సన్నబడింది. నాయిన ముఖం విచ్చుకుంది. "కదిలింది! పొడుగుపిల్లను తీయి." పొడుగుపిల్లతో నాలుగు దెబ్బలు. పిన్ను రేకు డబ్బాలో పడింది. ఖంగ్. నాయిన చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

కొత్త పిన్ను దిగాక అవ్వ తుపాకీ చేతిలోకి తీసుకోలేదు.

"గీత పడ్డది పడ్డది. దాని పక్కన ఇంకో గుర్తు పెట్టు" అంది. "మా ముసలోడు మంచె నిచ్చెనకు గాట్లు పెట్టుకుండె, ఏలికి తాకేటట్టు. గట్లనే సన్నం ఎటున్నదో ఆడ ఒక చుక్క కొట్టు. మళ్ళా ఏడాదికి నీ ఏలికే తెలుస్తది. పిల్లను దోస్తులతోని బడికి పోనియ్యి."

నాయిన మొనపంచ్‌తో పిన్ను సన్నవైపు పక్కన ఒక చిన్న చుక్క కొట్టాడు. నువ్వుగింజంత గుంట. బొటనవేలు ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.

పోతూ పోతూ అవ్వ నా సీతాఫలం ఒకటి అడిగి తీసుకుంది. ఒక కన్ను నోట్లో వేసుకుని, "థూ! గ్యాస్ నూనె! ఇది తింటివా, నీ కడుపుల దీపం పెట్టొచ్చు" అని ఉమ్మి, అయినా పండంతా తింటూనే పోయింది.

ఆ తర్వాత మా దుకాణానికొచ్చిన ప్రతి తుపాకీకీ సన్నవైపు చుక్క పడింది. దసరా తర్వాత అధికారి వచ్చి ఒక పిన్ను తీసి చూపించమన్నాడు. అవ్వ ఆ రోజు ఏ పనీ లేకుండానే తన తుపాకీ తెచ్చి గడప మీద కూర్చుంది. "నాదే తీయమను సారూ, నాకు తొందరున్నది" అంది. నాయిన బొటనవేలు ఒకసారి రేకు మీదుగా పోయింది, ఆగింది. అవ్వ పంచ్‌తో ఒకటి, పొడుగుపిల్లతో మూడు. ఖంగ్. అధికారి సంతకం పెట్టాడు. అవ్వ చుట్ట పొగలోంచి నాకు కన్ను గీటింది.

కంట్లో మిగిలిన ఆ కాస్త వెలుగు కూడా పోయేదాకా, ఇంకో ఎనిమిదేళ్ళు, నాయిన ఆ చుక్కలతోనే పని చేశాడు. తర్వాత తుపాకులు ఒక్కొక్కటే ఠాణాలో జమ అయ్యాయి, మళ్ళీ బయటికి రాలేదు. ఆ సందులో ఇప్పుడు ఫోన్ల దుకాణాలట. గోనెగుడ్డ ఏమైందో తెలియదు. బడికి మాత్రం నేను మళ్ళీ పోలేదు. అవ్వ చెప్పినా, నాయిన చెప్పినా పోలేదు. చుక్క ఉన్నా సరే, రెండు వైపులా నేను చూడాల్సిందే.

ఇక్కడ అమెరికాలో, మా ఇంటి దగ్గర షాంటిలీ ఊళ్ళో ఉన్న పెద్ద సామాన్ల దుకాణానికి ఆ శనివారం మధ్యాహ్నమే పోయాం. అల్లుడు ఇరవై ముక్కల డబ్బా ఒకటి తీశాడు. "సెట్ మొత్తం తీసుకుందామా అత్తయ్యా?" నేను వద్దన్నాను. సగం వాడి మొనలవి, పిన్నుకు పనికిరావు. వెంట తెచ్చిన కొత్త పిన్ను కొసను పంచ్ మూతి పక్కన ఆనించి చూసి, పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి ఏరాను. చుక్క కొట్టడానికి మొనది ఒకటి. ఇత్తడి సుత్తి ఒకటి. దుకాణంలో పిల్లవాడు ఏదో అడిగితే మనవరాలు జవాబు చెప్పింది. ఏమన్నావే అంటే, "మా అమ్మమ్మ ఎక్స్‌పర్ట్ అని చెప్పా" అంది.

ఇంటి వెనక చెక్క డెక్కు కట్టగా మిగిలిన కట్టె ముక్కకు బెజ్జం వేయించాను. కింద మనవరాలి బిస్కెట్ల రేకు డబ్బా పెట్టాను. ఈ తుపాకీ పిన్ను నాయిన కాలంది కాదు. దీనికి ఒక కొసన సన్నటి పళ్ళున్నాయి, ఇంకో కొస నున్నన. కొట్టేది నున్నటి వైపు నుంచి. అల్లుడు పొద్దున పళ్ళవైపు నుంచి బాదాడు.

మా అమ్మాయి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. "అమ్మా, నువ్వు కూడానా!" అంది. కాసేపటికి తనే ఫోను లైటు వేసి పట్టుకుంది.

ముందు ఆకురాయి. తర్వాత అవ్వ. తర్వాత పొడుగుపిల్ల. చివరి దెబ్బలు మనవరాలితో కొట్టించాను. బిస్కెట్ల డబ్బాలో ఖంగుమంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఎవరికీ కనబడకుండా కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

కొత్త పిన్ను దించాక మొనపంచ్ అందుకుని నున్నటి కొస పక్కన నువ్వుగింజంత చుక్క కొట్టాను.

"అయ్యో, మార్క్ ఎందుకత్తయ్యా?" అన్నాడు అల్లుడు. "ఏ వైపో నాకు కనిపిస్తుంది కదా."

"ఇప్పుడు కనిపిస్తది బాబూ" అన్నాను.

మనవరాలు కళ్ళు మూసుకుని రేకు మీద బొటనవేలు జరుపుతూ పోయింది. ఒక చోట ఆగింది.

"హియర్, అమ్మమ్మా. ఇక్కడ."